వర్ట్ మేనేజర్ కనెక్ట్ కాకపోతే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా?

పక్క గదిలోని సర్వర్‌కు వర్ట్ మేనేజర్ (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లను, చూసుకునే ప్రోగ్రాం) కనెక్ట్ కావడం లేదని, మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడిగారు. దయచేసి చేయకండి. అది రోగమొకటైతే మందొకటి వేయడమే అవుతుంది. లోపం దాదాపు ఎప్పుడూ అవతలి యంత్రంలోనే ఉంటుంది.

నేను ఒంగోలులో ఒక ఇంజనీరింగ్ కళాశాల ల్యాబ్ చూసుకునే రోజుల్లో, ఒక కార్తీకమాసం వానకు రాత్రంతా కరెంటు లేక యూపీఎస్ కూడా ఆగిపోయింది. తెల్లవారి సర్వర్ ఆన్ అయింది, పింగ్‌కు (యంత్రం నెట్‌వర్క్‌లో ఉందా అని పలకరించే పరీక్షకు) బదులిచ్చింది, కానీ వర్ట్ మేనేజర్ సర్టిఫికెట్ భద్రతతో కనెక్ట్ అయ్యే 16514 పోర్టు దగ్గర మాత్రం 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటోంది. పది గంటలకు ప్రాక్టికల్ పరీక్ష. ఫైర్‌వాల్ ఆపేద్దామన్నారు తోటి ఉద్యోగి. నేను ఒప్పుకోలేదు. ఫైర్‌వాల్ ప్యాకెట్లను పడేస్తుంటే సాధారణంగా జవాబే రాక టైమ్ అవుట్ అవుతుంది. రెఫ్యూజ్డ్ అన్నదంటే చాలావరకు మనం యంత్రం దాకా వెళ్ళాం, ఆ పోర్టులో పలికే సర్వీసే లేదు.

సర్వర్ ముందు కూర్చుని జర్నల్ (సిస్టమ్ రాసుకునే లాగ్) తెరిస్తే, సర్టిఫికెట్ 'నాట్ యెట్ యాక్టివ్' కనుక లిబ్‌వర్ట్‌డీ (వర్ట్ మేనేజర్‌కు అవతలి వైపు నుంచి బదులిచ్చే సర్వీసు) మొదలు కాలేదని స్పష్టంగా రాసి ఉంది. ఏడాదిగా వాడుతున్న సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాకపోవడం ఏమిటని 'డేట్' కొట్టి చూస్తే, గడియారం కొన్నేళ్ళు వెనక్కి పోయింది! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ 3 వోల్టులు ఇవ్వాలి. మల్టీమీటర్ పెడితే ఒక వోల్టు కూడా దాటలేదు. వానకు ఇంటర్నెట్ సైతం పోవడంతో నెట్ నుంచి సమయం తెచ్చుకునే క్రోనీ సర్వీసు గడియారాన్ని సరిదిద్దలేకపోయింది. తేదీ చేత్తో సరిచేసి సర్వీసు మొదలుపెట్టగానే వర్చువల్ మెషీన్లన్నీ జాబితాలో కనిపించాయి. మధ్యాహ్నం కర్నూలు రోడ్డులోని వాచీల షాపులో కొత్త బ్యాటరీ కొని వేశాను.

ఇలాంటప్పుడు లిబ్‌వర్ట్‌డీతో అదే యంత్రంలోని ప్రోగ్రాంలు మాట్లాడే సాకెట్ ఫైలుకు 777 అనుమతి (అంటే అందరికీ అన్ని హక్కులు) ఇవ్వమని సలహా చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వేరే తనిఖీ ఏదీ లేకుండా ఆ సాకెట్ అందరికీ తెరిచిపెట్టడమంటే రూట్ అధికారాన్ని (యంత్రం మీద పూర్తి అధికారాన్ని) అందరికీ పంచడమే. సొంత యంత్రంలోనే అనుమతి లేదని వస్తే, మీ యూజర్‌ను 'లిబ్‌వర్ట్' గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి. చాలామంది ఈ రెండో పని మరచిపోయి గంటలు పోగొట్టుకుంటారు.

మీకు వస్తున్నది రెఫ్యూజ్డా, టైమ్ అవుటా? సర్వర్‌లో 'డేట్' ఏమి చూపిస్తోందో, జర్నల్‌లోని చివరి పది వరుసలతో పాటు ఇక్కడ పెట్టండి, చూస్తాను.