నాన్నగారి కారు తాళాలు తీసేసుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారు. ఇప్పటికీ గుంటూరు నుంచి విజయవాడకు కారు తానే నడుపుకొని వెళతారు. కొంతకాలంగా రాత్రిపూట ఎదురు లైట్లకు ఏమీ కనిపించడం లేదంటున్నారు. కారు ఎడమవైపు గీతలు కూడా పడుతున్నాయి. డ్రైవింగ్ మాన్పించాలా?

జవాబు: వయసు ఒక్కటే చూసి మాన్పించాల్సిన పని లేదు. అయితే పరీక్షలు పూర్తయ్యే వరకు ఆయన కారు నడపకపోవడం మంచిది. ఎదురు లైట్లు కళ్లలో చెదిరి, ఆ వాహనం దాటిపోయాక కూడా కాసేపు రోడ్డు కనిపించకపోతే శుక్లం ముదురుతోందని అనుమానించాలి. అదే అయితే ఆపరేషన్‌తో చాలావరకు సరిపోతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీరు చివర్లో రాసిన గీతల సంగతి. గీతలన్నీ ఒకే వైపు పడుతున్నాయంటే మెడ పట్టేసి అటు తిరగలేకపోతుండవచ్చు, లేదా ఆ వైపు చూపు తగ్గి ఉండవచ్చు. గ్లకోమా (నీటికాసులు) అనే కంటిజబ్బులో చాలామందికి నొప్పి లేకుండానే పక్కచూపు పోతుంది, ఎదుటి బోర్డు మీది అక్షరాలు మాత్రం చక్కగా చదవగలుగుతారు కాబట్టి రోగికి ఆ లోపం తెలియదు. అందువల్ల కంటి డాక్టరు దగ్గర అద్దాల పవర్‌తో సరిపెట్టకుండా కంటి ఒత్తిడి, విజువల్ ఫీల్డ్ (పక్కచూపు ఎంత ఉందో చూసే) పరీక్షలు, షుగర్ ఉంది కనుక రెటీనా పరీక్ష కూడా చేయించండి.

గ్లిమెపిరైడ్ వేసుకొని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తికమక వస్తాయి. మళ్లీ కారు నడపడం మొదలుపెట్టాక, బయలుదేరే ముందు గ్లూకోమీటర్‌లో 90 కంటే తక్కువ చూపితే ఏదైనా తిన్నాకే కదలాలి. దారిలో అలా అనిపిస్తే కారు పక్కకు ఆపి గ్లూకోజ్ తీసుకోవాలి, షుగర్ మామూలు స్థాయికి వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు మత్తు కలిగిస్తాయి. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్‌తో కొందరికి కళ్లు తిరుగుతాయి. ఆయన మందులన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరుకు చూపించండి.

55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, దానికి వైద్య ధ్రువపత్రం కావాలి. మన దగ్గర అది చాలాసార్లు సంతకం కోసం పరుగెత్తే కాగితంగానే మిగిలిపోతోంది. ఆయన లైసెన్సు చెల్లుబాటులో ఉన్నంత మాత్రాన చూపు బాగుందని అనుకోకండి. పరీక్షల్లో పక్కచూపు బాగా తగ్గిందని తేలితే మాత్రం పగలు కూడా నడపకూడదు. ఆ మాట మీకంటే కంటి డాక్టరు చెబితేనే ఆయన వింటారు కనుక, పరీక్షకు మీరూ వెంట వెళ్లండి.