టెక్ సందేహాలు: క్లెయిమ్ రిజెక్ట్ అన్నారు సరే, ఏ క్లాజ్ కింద?

ఈసారి గాడ్జెట్ల కంటే గాడ్జెట్ల మీద అంటగట్టే ప్లాన్ల గురించే ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయి. తీసుకోవాలా వద్దా అని కొందరు, తీసుకున్నాక తీరా టైమ్‌కి చెయ్యిచ్చారని కొందరు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): అన్నా, పోయినేడాది షోరూంలో 72 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నా. కౌంటర్‌లో వాళ్లే 5,500కి ఇంకో 2 ఏళ్ల ప్లాన్ ఇచ్చారు, అన్నీ కవర్ అయితయ్ సార్ అన్నారు. మొన్న సడెన్‌గా ఆన్ అవ్వట్లే. సర్వీస్ సెంటర్‌లో ఓపెన్ చేసి లోపలికి లిక్విడ్ పోయింది, మదర్‌బోర్డ్ మార్చాలి, 31 వేలు అన్నారు. ప్లాన్ వాళ్లేమో ఫోన్ చేసి క్లెయిమ్ రిజెక్ట్ అయిందని చెప్పి పెట్టేశారు. నేనైతే నీళ్లు పోయలే. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ఫోన్‌లో చెప్పిన రిజెక్షన్‌ని అసలు రిజెక్షన్‌గా లెక్కే పెట్టకు. ఇవాళే ఒక మెయిల్ కొట్టు. "నా క్లెయిమ్ నంబర్ ఇది, దీన్ని ప్లాన్‌లోని ఏ క్లాజ్ కింద తిరస్కరించారో, దానికి ఆధారంగా ఏ రిపోర్ట్, ఏ ఫోటోలు చూశారో రాతపూర్వకంగా పంపండి" అంతే, నాలుగు లైన్లు చాలు, తిట్లు వద్దు, "నేను సోషల్ మీడియాలో పెడతా" లాంటివి అస్సలు వద్దు. ఈ ఒక్క మెయిల్‌కే కొన్ని క్లెయిమ్‌లు "రీ-ఎగ్జామిన్ చేస్తాం సార్" అని కదులుతాయి, ఎందుకంటే ఫోన్‌లో ఏమైనా అనొచ్చు గానీ మెయిల్‌లో పెట్టాక ఆ మాట మీద నిలబడాలి కదా.

ఈలోపు ప్లాన్ కాగితం తీసి దాని అసలు పేరేంటో చూడు. కౌంటర్‌లో అన్నీ కవర్ అన్నారంటే నమ్మడానికి లేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఉంటే అది కంపెనీ వారంటీకి పొడిగింపు మాత్రమే, దానంతట అది పాడైతేనే పనికొస్తుంది, కింద పడినా నీళ్లు పడినా సంబంధం లేదు. యాక్సిడెంటల్ అండ్ లిక్విడ్ డ్యామేజ్ అని ఉంటే మాత్రం కథ వేరు, లిక్విడ్ పోయిందని చెప్పి రిజెక్ట్ చేయడమంటే దేనికైతే డబ్బులు తీసుకున్నారో అదే ఇవ్వం అన్నట్టు. రెండూ కలిపిన ప్లాన్లు కూడా ఉంటాయి, వాటిలో మళ్లీ యాక్సిడెంటల్ పార్ట్ మొదటి ఏడాదికే, మిగతా కాలం మామూలు వారంటీయే అని సన్నక్షరాల్లో ఉంటుంది. నీ ల్యాప్‌టాప్‌కి ఏడాది దాటింది కాబట్టి ఆ లైన్ వెతుకు.

ఇక లిక్విడ్ సంగతి. చాలా ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో లోపల చిన్న స్టిక్కర్ ఉంటుంది, మామూలుగా తెల్లగా ఉండి తడి తగిలితే ఎర్రగా మారుతుంది. దాన్ని చూసే చాలాసార్లు లిక్విడ్ అని రాసేస్తారు. కానీ స్టిక్కర్ రంగు మారిందంటే అక్కడ తడి తగిలిందని మాత్రమే అర్థం, బోర్డు పోయింది దానివల్లే అని కాదు. బోర్డు మీద తుప్పు మరకలు ఎక్కడున్నాయో, ఏ పార్ట్ షార్ట్ అయిందో ఫోటోలతో అడుగు. సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు నీకొక జాబ్‌షీట్, అంటే రిపేర్‌కి తీసుకున్నట్టు రసీదు, ఇచ్చుంటారు చూడు, అందులో ఫిజికల్ కండిషన్ అని ఒక గడి ఉంటుంది, మనం చూడకుండా సంతకం పెట్టేసేది అక్కడే. దాంట్లో గీతలు, సొట్టలు, లిక్విడ్ ట్రేసెస్ లాంటివి ఏం రాశారో చూడు. ఇచ్చినప్పుడు అంతా బాగుందని రాసి తర్వాత కీబోర్డ్ మీద మరకలున్నాయంటే ఆ కాగితం నీకు బలం. లోపలి సంగతి బయట నుంచి కనపడదు కాబట్టి అదొక్కటే సరిపోదు, అది కూడా నిజమే. ఇంట్లో ఇంకెవరైనా టీ ఒలికించారేమో కూడా ఒకసారి కనుక్కో, తర్వాత బయటపడితే మొత్తం కేసే పోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. ప్లాన్ కాగితం చివర్లో డబ్బు కట్టాల్సింది ఎవరో ఉంటుంది. షోరూమా, ప్లాన్లు అమ్మే కంపెనీయా, వెనక ఇన్సూరెన్స్ కంపెనీ ఉందా. నువ్వు ఎక్కడ కొట్లాడాలో దీన్ని బట్టే ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్ ఉంటే ముందు వాళ్ల గ్రీవెన్స్ మెయిల్‌కి రాయి, తర్వాత బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబర్ ఉంది. వాళ్లు కాదన్నా, నెల దాటినా పలకకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు, హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోనే. ఇన్సూరెన్స్ కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, అది మర్చిపోకు.

ఇన్సూరెన్స్ పేరు ఎక్కడా లేకపోతే అది మామూలు సర్వీస్ కాంట్రాక్ట్. అప్పుడు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెయ్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు, కాస్త పేరున్న కంపెనీలైతే చాలాసార్లు ఇక్కడే తెగుతుంది. తెగకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉందా గుర్‌గావ్‌లో ఉందా అనేది నీకనవసరం. నువ్వు కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, లాయర్ లేకపోయినా నువ్వే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేయొచ్చు. రిజెక్ట్ చేసిన రోజు నుంచి 2 ఏళ్ల టైం ఉంది. చట్టంలో 3 నెలల్లో, ల్యాబ్ టెస్ట్ అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని ఉంది గానీ ఆ లెక్క నమ్ముకుని కొత్త ల్యాప్‌టాప్ కొనడం ఆపకు, వాయిదాల సంగతి మనకి తెలిసిందే.

కేసు వేస్తే షోరూం, ప్లాన్ కంపెనీ, బ్రాండ్, ఇన్సూరెన్స్ ఉంటే అది కూడా, అందర్నీ పార్టీలుగా పెట్టు. ఒక్కడినే పెడితే అవతలివాడు కాదు ఇవతలివాడు అంటూ తిప్పుతారు. ఇంకొకటి, ఆ మినహాయింపుల కాగితం డబ్బులు కట్టకముందు నీకు చూపించారా, కట్టాక మెయిల్‌లో పీడీఎఫ్ పంపారా అనేది రాసి పెట్టుకో. 2022లో టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటిదే వచ్చింది. సెల్లార్‌లో ఉన్న షాపుకి ఇన్సూరెన్స్ ఇచ్చి, నిప్పంటుకున్నాక సెల్లార్లు మా పాలసీలో లేవు అన్నారు. ముందే చెప్పని మినహాయింపుని చూపించి తప్పించుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. అది ఇన్సూరెన్స్ కేసే, అయినా నీ కంప్లెయింట్‌లో ఒక లైన్ రాయడానికి పనికొస్తుంది.

ప్రశ్న (ఉప్పల్ నుంచి): 55 ఇంచెస్ టీవీ 48 వేలకి చూశామండీ. షాపులో 3 ఏళ్ల ప్లాన్ 6 వేలంటున్నారు, ఆన్‌లైన్లో అదే 3 ఏళ్లకి 2,400కే కనిపిస్తోంది. మా వారు చవకది తీసుకుందామంటున్నారు, ఏది మంచిది?

జవాబు: అమ్మా, ముందు ఆ 3 ఏళ్లు ఎక్కడి నుంచి మొదలవుతాయో అడగండి. బిల్లు రోజు నుంచి 3 ఏళ్లు అంటే అందులో కంపెనీ ఎలాగూ ఇచ్చే 1 ఏడాది కలిసే ఉంది, మీరు కొంటున్నది 2 ఏళ్లే. కంపెనీ వారంటీ అయ్యాక 3 ఏళ్లు అంటే మొత్తం 4. రెండు ప్లాన్లూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో తేలకుండా రేటు పోల్చడం దండగ.

తర్వాత ప్యానెల్, అంటే స్క్రీన్ భాగం, ప్లాన్‌లో ఉందా లేదా. టీవీలో ఖరీదంతా దాంట్లోనే, అది పోతే టీవీ కొత్తది కొన్నంత పని. ప్యానెల్ కవర్ చేయని టీవీ ప్లాన్ ఎంత చవకైనా వద్దు. కవర్ చేసినా స్క్రీన్ పగిలితే కాదు, లోపలి లోపం వల్ల గీతలు వస్తేనే అని ఉంటుంది, అది మామూలే. ఓఎల్ఈడీ రకం స్క్రీన్ అయితే న్యూస్ ఛానెల్ లోగో ముద్ర పడిపోవడం లాంటివి చాలావాటిలో ఉండవు. వోల్టేజ్ హెచ్చుతగ్గులు, పిడుగు కూడా చూడండి, మన దగ్గర వానాకాలం మొదట్లో గాలివానకి కరెంట్ పోయి వచ్చేటప్పుడు పోయే టీవీలే ఎక్కువ కదా.

అన్నిటికంటే ముఖ్యం తరుగుదల. కొన్ని చవక ప్లాన్లలో టీవీ బాగవ్వకపోతే కొత్తది ఇవ్వరు, అప్పటికి దాని విలువ ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. ఉదాహరణకి ఏడాదికి 20 శాతం చొప్పున కొన్న ధర మీద తగ్గిస్తారనుకోండి, మూడో ఏడు అయ్యేసరికి మీ 48 వేల టీవీ వాళ్ల పుస్తకంలో 19,200. అది కూడా డబ్బుగా కాకుండా వాళ్ల షాపు వోచర్‌గా ఇచ్చేవాళ్లున్నారు. 6 వేల ప్లాన్‌లో తరుగుదల లేకుండా, ఇంటికొచ్చి చేసేలా ఉంటే అది నిజానికి చవకది అవ్వొచ్చు. షాపతన్ని నోటితో చెప్పమనకండి, షరతుల కాగితం వాట్సాప్ చేయమనండి. పంపను, బిల్లు అయ్యాక వస్తుంది అంటే అక్కడితో ఆపేయండి. బేరం కూడా ఆడొచ్చు, ఆ 6 వేలల్లో షాపుకి మిగిలేది బాగానే ఉంటుంది. దసరా, దీపావళి టైమ్‌లో కొన్ని బ్రాండ్లు తామే అదనపు వారంటీ ఫ్రీగా ఇస్తుంటాయి, అదైతే ఈ తలనొప్పే లేదు.

ఆన్‌లైన్లో కొంటే డబ్బు కట్టేముందు కార్ట్ మొత్తం ఒకసారి చూసుకోండి. మనం అడగని ప్లాన్ దానంతట అదే వచ్చి కూర్చుంటే దాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు, 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్లో కస్టమర్‌ని బోల్తా కొట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 రకాల్లో ఇదొకటి. స్క్రీన్‌షాట్ తీసి 1915లో కంప్లెయింట్ పెట్టొచ్చు.

నా లెక్కయితే టీవీకి, ఖరీదైన ల్యాప్‌టాప్‌కి, ఫోల్డబుల్ ఫోన్‌కి ప్లాన్ ఆలోచించొచ్చు. 15 వేల ఫోన్‌కి, మిక్సీకి, ఇయర్‌బడ్స్‌కి అస్సలొద్దు, ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే చాలు.

ప్రశ్న (ఎల్‌బీ నగర్ నుంచి): ఏసీకి 10 ఏళ్ల వారంటీ అని కొన్నాం. మూడో ఏడే కూలింగ్ ఆగిపోయింది. వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ లీక్ అని 4 వేలకి పైగా బిల్లేశాడు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం అనలేం సార్, ప్రకటనలో పెద్దక్షరాల మాయ. ఆ 10 ఏళ్లు కంప్రెసర్ ఒక్కదానికే. మొత్తం ఏసీకి ఉండేది చాలావరకు 1 ఏడాది, కొన్ని బ్రాండ్లు పీసీబీకి, అంటే లోపలి సర్క్యూట్ బోర్డుకి, 5 ఏళ్లు ఇస్తాయి. గ్యాస్, లేబర్, విజిట్ ఛార్జీ మనమే పెట్టుకోవాలి. అయితే లీక్ ఎక్కడుందో చూపించమనండి, చూపించకుండా ఊరికే గ్యాస్ నింపి వెళ్తే వచ్చే ఎండాకాలం మళ్లీ ఇదే బిల్లు. కాయిల్‌కి విడిగా వారంటీ ఉందేమో కార్డు చూడండి, కొన్ని మోడళ్లకి ఉంటుంది.

ప్రశ్న (మెహదీపట్నం నుంచి): ఫోన్ డిస్‌ప్లే జగదీష్ మార్కెట్‌లో మార్పించా. ఇప్పుడు ఛార్జింగ్ పోర్ట్ పనిచేయట్లే. ప్లాన్ ఉంది గానీ బయట ఓపెన్ చేశారని రిజెక్ట్ చేశారు. డిస్‌ప్లేకి, పోర్ట్‌కి ఏం సంబంధం భయ్యా?

జవాబు: సంబంధం లేదని నువ్వన్నది న్యాయమే కానీ ప్లాన్లలో దాదాపు అన్నిటిలో అనధికార రిపేర్ జరిగితే కవర్ పోతుందని ఉంటుంది, నువ్వు సంతకం పెట్టింది దానికే. కష్టం భయ్యా. నేనైతే ఈ కేసు వెంట పడను. పోర్ట్ మార్చడం పెద్ద ఖర్చు కాదు, అదే మార్కెట్‌లో అవుతుంది, అంతకంటే ముందు అందులో జేబులోని నూలుపోగులు, దుమ్ము ఇరుక్కుందేమో చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయించి చూడు, సగం పోర్టులు దాంతోనే లేస్తాయి. డిస్‌ప్లే మార్పించింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత గ్రీన్ లైన్ (స్క్రీన్ మీద నిలువు ఆకుపచ్చ గీత) వచ్చినందుకే అయితే మాత్రం అయ్యో అనాలి, వన్‌ప్లస్ లాంటి కంపెనీ 2024లో ఇండియాలో గ్రీన్ లైన్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ప్రకటించింది. ఇలాంటివి వచ్చినప్పుడు ప్లాన్ కంటే ముందు బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లో ఫ్రీ స్కీమ్ ఏమైనా నడుస్తుందా అని అడగడం మంచిది.

ప్రశ్న (నారాయణగూడ, హాస్టల్ నుంచి): కొత్త ఐఫోన్‌కి ఆపిల్‌కేర్ ప్లస్ (ఆపిల్ వాళ్ల సొంత ప్లాన్) కొన్నప్పుడు తీసుకోలేదు, ఇప్పుడు తీసుకోవచ్చా? షాపతను జీఎస్‌టీ బిల్లు కూడా ఇవ్వలేదు, కావాలంటే రేటు పెరుగుతుందన్నాడు.

జవాబు: కొన్న 60 రోజుల్లోపయితే తీసుకోవచ్చు, ఫోన్‌లోనే సెట్టింగ్స్‌లో జనరల్ కిందకెళ్తే కవరేజ్ వివరాలు కనిపిస్తాయి. బిల్లు మాత్రం ఈరోజే వెళ్లి తెచ్చుకో. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టంలో అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్ కింద రాసి ఉంది, ఆ మాటే నవ్వుతూ చెప్పు. బిల్లు మీద ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) పడిందో లేదో చూసుకో, అది లేకపోతే రేపు ఏ క్లెయిమ్‌కి వెళ్లినా ఈ ఫోన్ మీదేనా అనే దగ్గరే ఆపేస్తారు. యూపీఐలో కట్టుంటే ఆ ట్రాన్సాక్షన్ స్క్రీన్‌షాట్ కూడా బిల్లుతో పాటే మెయిల్‌లో నీకు నువ్వే పంపుకుని పెట్టుకో, థర్మల్ పేపర్ బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితాలైపోతున్నాయి.