స్పీకర్ పెట్టి మాట్లాడితే తప్పేంటక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా. మొన్న శనివారం పని అయ్యాక తోటివాళ్ళతో ఒక పాత పబ్‌కి వెళ్ళా, నేను తాగను, కోక్ తీసుకుని కూర్చున్నా. అప్పుడే అమ్మ వాట్సాప్ వీడియో కాల్ చేసింది, ఇండియాలో అర్ధరాత్రి, ఈ టైంలో చేసిందంటే ఏమైందో అని కంగారుగా ఎత్తి, ఆ గోలలో వినపడక స్పీకర్ పెట్టా. రెండు నిమిషాలు కూడా కాలేదు, కౌంటర్‌లో ఆయన వచ్చి బయటికెళ్ళి మాట్లాడుకోమన్నాడు. అందరూ చూస్తుంటే తల తీసేసినట్టయింది. పక్క టేబుల్ వాళ్ళు అంతకంటే గట్టిగా నవ్వుతున్నారు, వాళ్ళనేమీ అనలేదు. మన భాష కాబట్టే అన్నాడా?
- ఒక స్టూడెంట్, లీడ్స్

జవాబు: తమ్ముడూ, ముందు అమ్మ బాగానే ఉన్నారు కదా? అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోనొస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది, నువ్వు ఎత్తడంలో తప్పే లేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు, మన భాష విని మొహం చిట్లించేవాళ్ళు లేరని కూడా అనను. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది భాష గొడవ కాదనిపిస్తోంది. అక్కడి పాత పబ్ అంటే మన హైదరాబాద్ పబ్‌లాగా డీజే, డాన్సులు ఉండే చోటు కాదు, మన ఊళ్ళో రచ్చబండ లాంటిది, నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే చోటు. మీ దగ్గర్లోనే టాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్ అని 1758 నాటి బీరు కంపెనీ ఉంది, వాళ్ళు తమ పబ్బుల్లో 2004లోనే పాటలు ఆపేశారు, 2019లో ఫోన్లు, లాప్‌టాప్‌లు కూడా లోపల వాడొద్దన్నారు, కాల్ వస్తే సిగరెట్ తాగేవాళ్ళలాగే బయటికి వెళ్ళాల్సిందే, ఇంగ్లీషులో మాట్లాడినా అదే రూలు. అన్ని పబ్బులూ ఇంత కచ్చితంగా ఉండవు, కానీ కాల్ వస్తే బయటికెళ్ళడం మాత్రం చాలాచోట్ల అలవాటు.

మరి పక్క టేబుల్ వాళ్ళ నవ్వుల సంగతేంటి అంటావా, ఆ నవ్వు ఆ గదిలో ఉన్న మనుషులది. స్పీకర్‌లోంచి వచ్చే గొంతు కీచుగా ఉంటుంది, వద్దనుకున్నా చెవి దాని మీదకే పోతుంది. స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నా పూర్తిగా తీరదు, ఎందుకంటే ఒక వైపు మాటలే వినపడితే రెండో వైపు ఏమన్నారో అని మన బుర్ర ఊరికే వెతుక్కుంటూ ఉంటుంది. 2010లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఇది పరీక్ష పెట్టి చూశారు, రెండు వైపులా మాటలు వినపడ్డప్పటి కంటే సగమే వినపడ్డప్పుడు చేసే పని మీద ధ్యాస బాగా తగ్గిందట. పైగా గోల ఎక్కువగా ఉంటే మనం ఇంకా గొంతు పెంచుతాం.

ఇంకో మాట, అమ్మ వైపు నుంచి చూడు. ఆవిడ నీతో మాత్రమే మాట్లాడుతున్నా అనుకుని ఫీజు అప్పు సంగతో, చెల్లి సంబంధం సంగతో ఎత్తుతుంది, లీడ్స్‌లో తెలుగువాళ్ళకి కొదవా, పక్క టేబుల్‌లోనే ఒకరుండొచ్చు. ఈసారి ఫోన్ ఎత్తి "అమ్మా, ఒక్క నిమిషం, బయటికొస్తున్నా" అని కోటు తగిలించుకుని వెళ్ళిపో. మళ్ళీ ఆ పబ్‌కి వెళ్తే ఆయనతో మామూలుగా మాట్లాడు, ఆ రోజు అమ్మ కంగారులో చేసిందని చెప్పు, అర్థం చేసుకుంటాడనే అనుకుంటున్నా.

ప్రశ్న: మేడమ్, నెలకి రెండుసార్లు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి హైదరాబాద్ వస్తా. విజయవాడ దాటినా ఎవరో ఒకరు రీల్స్ సౌండ్ పెట్టుకుని చూస్తూనే ఉంటారు. అడిగితే "మేమూ టికెట్ కొన్నాం" అంటారు.
- ఒక ప్రయాణికుడు, విశాఖపట్నం

జవాబు: వాళ్ళు కొన్నది బెర్త్ అండి, బోగీ మొత్తం కాదు. రాత్రి 10 దాటాక గట్టిగా ఫోన్లో మాట్లాడటం, సౌండ్‌తో పాటలు పెట్టడం కుదరదని 2022 జనవరిలోనే రైల్వే శాఖ చెప్పింది. టీటీఈకి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి, రైల్‌మదద్ యాప్‌లో కూడా పెట్టొచ్చు. కర్ణాటక ఆర్టీసీ అయితే 2021 నవంబర్‌లోనే బస్సుల్లో స్పీకర్ మోతని నిషేధించింది, వినని వాళ్ళని దించేయొచ్చని కూడా చెప్పింది. మనకీ బస్సుల్లో అంత గట్టిగా ఉండాలని నా కోరిక.

కానీ ముందు మెల్లగా అడగండి. ఒకసారి నా ఎదురు బెర్త్‌లో ఒక పెద్దాయన పదకొండింటికి హరికథ పెట్టారు, పై బెర్త్‌లో పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు. చుట్టూ అందరూ విసుక్కుంటున్నారు గానీ ఎవరూ అడగరు. దగ్గరికెళ్ళి "బాబాయ్ గారూ, కొంచెం తగ్గిస్తారా" అంటే ఆయన ఫోన్ నా చేతికిచ్చేసి "ఎక్కడ తగ్గించాలో తెలీదమ్మా, మావాడు కొనిచ్చాడు" అన్నారు. పక్కనున్న బటన్ చూపించా, రెండుసార్లు తనే నొక్కి చూసుకుని పడుకున్నారు. అప్పట్నుంచీ వైరున్న ఇయర్‌ఫోన్లు ఒక జత ఎక్కువే బ్యాగులో పెట్టుకుంటున్నా, అడిగిన వాళ్ళకి ఇస్తా.

ప్రశ్న: ఫ్రెండ్ బర్త్‌డేకి రెస్టారెంట్‌లో ఇన్‌స్టా లైవ్ పెట్టా, వెనక టేబుల్‌లో ఒకావిడ తన మొహం వచ్చిందని గొడవ చేసింది. పబ్లిక్ ప్లేసే కదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పబ్లిక్ ప్లేసే తల్లీ, కానీ ఆవిడ అన్నం తినడానికి వచ్చింది, నీ లైవ్‌లోకి కాదు. ఎవరితో వచ్చిందో, ఇంట్లో ఏం చెప్పి వచ్చిందో మనకి తెలీదు, ఒక్కోసారి అలాంటి వీడియో వల్ల ఒకరి ఇంట్లో పెద్ద రభసే అవుతుంది. గోడ వైపు తిరిగి తీసుకుంటే సరిపోయేది. ఆ వీడియో ఇంకా నీ పేజీలో ఉంటే ఇవాళే తీసెయ్.