లీడ్స్‌కు వెళ్తున్న అమ్మికి పెదనాన్న జాబు

తిరుపతి

అమ్మీ,

ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియం లైబ్రరీలో, దాతలిచ్చిన తుపాకుల చరిత్ర పుస్తకాలూ కాగితాలూ సర్దే పనికి పోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "ఆడపిల్లకి తుపాకుల గోల ఎందుకన్నా?" అని వాడి టెన్షన్. తుపాకులు కాదురా, కాగితాలని సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో నా వేలు పట్టుకుని, ప్రతి వస్తువు దగ్గరా "ఇది ఎవరిచ్చారు పెదనాన్నా?" అని ప్రాణం తీశావు. ఇప్పుడదే నీ ఉద్యోగం.

స్వెట్టర్లు అక్కడే కొనుక్కో. పుస్తకాల దగ్గర పెన్సిలే వాడు. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించావని తెలిస్తే మాట్లాడను. పెట్టె అడుగున తూటా కనబడితే మాత్రం ముట్టుకోకు, పెద్దవాళ్లను పిలు. పాతదే కదా అనుకోవద్దు.

నా భయం వేరే. 1987లో నేను పనిచేసే చోటికి, చిత్తూరు దగ్గరి ఒక పాత కుటుంబం వాళ్లు ఒక ట్రంకుపెట్టె ఇచ్చారు. ఇంగ్లిష్ కంపెనీల తుపాకుల క్యాటలాగులు, తూటాల బిల్లులు, వేట నోటుపుస్తకాలు. పేజీల మధ్య పంచాంగం అంచులు చింపిన చీటీలు, వాటిమీద ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్‌తో అంకెలు. నాకప్పుడు శుభ్రం పిచ్చి. క్యాటలాగులొక చోట, బిల్లులొక చోట సర్ది, చీటీలన్నీ దులిపి పెరట్లో కాల్చేశాను.

రెండేళ్లకు ఆ ఇంటి మనవడు వచ్చాడు. "మా తాత తుపాకీ ఏదో చెప్తారా సార్? ఎప్పుడో పోలీసులకు ఇచ్చేశాం. లైసెన్సు చెదలు తినేశాయి." క్యాటలాగు తెరిచాను. రెండు గొట్టాల తుపాకీ బొమ్మ పక్కన వేలెడంత గోధుమరంగు మరక. చీటీలోని యాసిడ్ పేజీని అంత మేర తినేసింది. మరక మిగిలింది, నెంబరు నేను కాల్చేశాను. తుపాకీ నెంబరుంటే ఫ్యాక్టరీ చిట్టాలో వెతకొచ్చని తర్వాత తెలిసింది. అమెరికాలో కోడీ ఊరి మ్యూజియం లైబ్రరీలో వించెస్టర్ తుపాకుల కంపెనీ చిట్టాలు అట్లాగే నెంబరుతో చూస్తారు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. టీ కూడా తాగకుండా పోయాడు.

అందుకే చెప్తున్నా, ఏ చీటీ అయినా కదిలించక ముందే ఫోటో తియ్యి. యాసిడ్ లేని కవర్లో పెట్టి, దానిమీద పేజీ నెంబరు రాయి. దాత పెట్టిన వరస పిచ్చిగా కనబడినా చెరపకు. అది ఆయన బుర్ర నడిచిన తీరు.

నువ్వు పోయేది మామూలు చోటు కాదు. లండన్ టవర్‌లోని ఆయుధాల్లో చాలా భాగం 1996లో లీడ్స్ చేరింది. లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్‌లో మొదలైన ప్యాటర్న్ రూమ్, అంటే ఫ్యాక్టరీలు సరిచూసుకునే మాదిరి తుపాకుల గది, 2005లో వచ్చింది. మైసూరు హైదరలీ గురించి ఎవరైనా మాట్లాడితే, 1782లో ఆయన కన్నుమూసింది మా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలోనేనని గట్టిగా చెప్పు.

ఆ మరక పేజీ ఫోటో ఇందులో పెట్టాను. తీరిక దొరికితే అక్కడి పెద్దవాళ్లకు చూపించు. కాల్చేముందు ఒక్క చీటీ చూసినట్టు గుర్తు. చివరి అంకె 7. లేదా 1 కావచ్చు.

మీ పెదనాన్న