'నమిలాడు' ఒప్పయితే 'నమిలడం' తప్పెలా అయింది?

సందేహం: అమెరికన్ కామిక్ సిరీస్ 'చ్యూ' గురించి పరిచయం రాస్తున్నాను. అందులో డిటెక్టివ్ టోనీ చూ ఏది తిన్నా దాని గతమంతా అతని కళ్లకు కడుతుంది, కేసు కోసం శవాన్ని కూడా కొరకాల్సి వస్తుంది. 'నమిలడం ద్వారా నేరం పట్టే భీభత్స హాస్యం' అని రాస్తే మా ఫ్రెండ్ 'నమలడం' అని దిద్దాడు. 'నమిలాడు' ఒప్పే కదా, మరి 'నమిలడం' తప్పెలా అయింది? అతన్ని సిబోపాత్ అంటారు, 'ఆహారోన్మాది' అనొచ్చా?

సమాధానం: దిద్దుబాటు సరైనదే, అయితే మీ సందేహం కూడా గట్టిదే. ధాతువు 'నములు'. ఇందులో మధ్యనున్న 'ము'కి సొంత నిలకడ లేదు, వెనకాల వచ్చే అచ్చుని బట్టి రంగు మారుస్తుంది. ఇ వస్తే నమిలి, నమిలితే. అ వస్తే నమలక, నమలడం. ఉ ఉంటే అలాగే ఉండి నములుతూ. కదిలి, కదలడం, కదులుతూ. కొరికి, కొరకడం, కొరుకుతూ... అన్నీ ఇదే వరస. మరి 'నమిలాడు'లో వెనక ఉన్నది 'ఆ' కదా, 'మి' ఎలా వచ్చిందంటారా? అది అసలు 'నమిలినాడు', కొన్నిచోట్ల ఇప్పటికీ అలాగే అంటారు. 'లి'లోని ఇకారం అరిగిపోయింది గానీ దాని వల్ల మారిన 'మి' అలాగే ఉండిపోయింది. దొంగ పారిపోయాడు, వేలిముద్ర మిగిలింది. 'మింగు', 'తిను' లాంటి వాటిలో మధ్యన మారే అచ్చే లేదు కాబట్టి అక్కడ ఈ టెన్షన్ ఉండదు.

ఇక పేరు సంగతి. సిరీస్‌కి 'చ్యూ' అనీ మనిషికి 'చూ' అనీ రాశారు, ఇంగ్లీషులో చ్యూ అంటే నమలడం, అతని ఇంటిపేరు చూ, రెండూ ఒకేలా పలుకుతాయి, జోకంతా అందులోనే ఉంది. జాన్ లేమన్ రాసి, రాబ్ గిలరీ బొమ్మలు వేసిన ఈ సిరీస్ 2009లో మొదలై 60 సంచికలతో 2016లో ముగిసేదాకా ఆ శ్లేష మీదే నడిచింది, మనం స్పెల్లింగుతో దాన్ని విడగొట్టడం దేనికి? రెండూ 'చూ' అనే రాయండి. నమలడమనే అర్థం తెలుగులో పోతుంది, నిజమే. కానీ మనకి ఇంకోటి దొరుకుతుంది, గమనించారా? తెలుగువాడు రుచిని 'చూస్తాడు'. ఈ డిటెక్టివ్ చేసేదీ అక్షరాలా అదే, రుచి చూసి హత్యను చూస్తాడు. పైగా మన నిఘంటువుల్లో 'చూ.' అంటే 'చూడండి' అని! అందుకే వీలున్న ప్రతిచోటా 'తిన్నాడు' బదులు 'రుచి చూశాడు' అనండి. దెబ్బలు, లంచాలు, చివాట్లు, ఎదుటివాడి బుర్ర, ఇన్ని తినే భాషలో 'తిను' ఎప్పుడో పలచబడిపోయింది. బీట్‌రూట్ దగ్గర మాత్రం 'తిన్నాడు' అని ధైర్యంగా రాయొచ్చు, ఎందుకంటే అది తింటే అతనికేమీ కనబడదు, పాపం అతనికి తిండి అంటే అదొక్కటే.

'ఆహారోన్మాది' వద్దు. సైకోపాత్ గుర్తొచ్చి అలా అనిపించి ఉంటుంది, ఇది టెలీపాత్ (ఎదుటివాడి మనసు చదివేవాడు) వరసలోది. లాటిన్‌లో సిబస్ అంటే ఆహారం, గ్రీకు పాథోస్‌లో అనుభూతి అనే అర్థం ఉంది. తెలుగు మాటే కావాలంటే 'రుచిద్రష్ట' అనొచ్చు, కాస్త పండితవాసన కొడుతుంది, కథలో కోడిమాంసాన్ని నిషేధించిన దేశంలో తిండి పోలీసుగా తిరిగే మనిషికి ఆ గాంభీర్యమే నవ్వు తెప్పించవచ్చు. నేనైతే మొదటిసారి సిబోపాత్ అని రాసి, ఒక్క వాక్యంలో వివరించి వదిలేస్తాను.

'భీభత్సం' కాదు, 'బీభత్సం'. భీతికీ దీనికీ సంబంధం లేదు, ఇది రోత పుట్టించే రసం, ఈ కథకి భయం కన్నా రోతే దగ్గర.

అన్నట్టు, మీ పరిచయంలో అనుమానితుడు జవాబు చెప్పలేక తటపటాయించే చోటు వస్తే 'నీళ్లు నమిలాడు' అని రాయండి. డిటెక్టివ్ నమిలేది వేరు.