వారసుడు బతికితే ఎవరు పుట్టరు?

చిరంజీవికి ఆశీస్సులు.

చరిత్రను మార్చి రాస్తున్న నీ నవలలో, స్పెయిన్‌ను ఏలిన హబ్స్‌బర్గ్ రాజవంశాన్ని నిలబెట్టడానికి నువ్వు దాని చివరి రాజు రెండో కార్లోస్‌కు కొడుకును ఇచ్చావు. అది వద్దు. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నా సంతానం లేకుండానే 1700 నవంబర్ 1న పోయిన రోగిష్ఠి రాజు ఆయన. పాఠకుడు నమ్మడు. ఇంకా వెనక్కి వెళ్ళు. పదిహేడేళ్ళు నిండడానికి ఎనిమిది రోజుల ముందు, 1646 అక్టోబర్ 9న స్పెయిన్‌లోని సరగోసా నగరంలో జబ్బుచేసి పోయిన యువరాజు బాల్తసార్ కార్లోస్‌ని బతికించు.

బతికించిన వెంటనే ఒక నోటుపుస్తకం తీసి, ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళ పేర్లు రాసుకో. ప్రతి పేరు దగ్గరా వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి ఇప్పుడు జరుగుతుందా అని చూడు. బాల్తసార్‌కు నిశ్చయమైన పిల్ల మరియానా, అతని మేనత్త కూతురు. అతను పోయాక 1649లో ఆమెను పెళ్ళాడింది అతని తండ్రి, స్పెయిన్ రాజు నాలుగో ఫెలిపే, అంటే ఆమెకు సొంత మేనమామ. వాళ్ళ కొడుకే రెండో కార్లోస్. బాల్తసార్ బతికితే ఆ పెళ్ళి జరగదు, కాబట్టి కార్లోస్ పుట్టడు. అతని అక్క మార్గరీటా కూడా పుట్టదు. ఆమె నడుమ నిలబడిన, ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెస్ గీసిన చిత్రం ‘లాస్ మెనినాస్’ ఉండదు. నీ మూడో అధ్యాయంలో రాయబారి ఆ చిత్రం చూస్తూ నిలబడ్డ ఘట్టం తీసెయ్యాలి. ఎంతో ప్రేమగా రాశావు, అయినా తప్పదు.

మేనరికాలు మనకు కొత్తకాదు గనక, ‘మేనమామను చేసుకుంటే ఏమైంది?’ అని తెలుగు పాఠకుడు అడుగుతాడు. కీడు ఒక్క పెళ్ళితో రాలేదు. తరతరాలుగా హబ్స్‌బర్గ్ వంశపు వియెన్నా, మాడ్రిడ్ కొమ్మల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడంతో వచ్చింది. అది వంశవృక్షంలో కనిపించాలి. బాల్తసార్ తల్లి ఇసబెల్ ఫ్రాన్స్ ఆడపడుచు, అక్కడ కొంత మేలు. అయినా ఆమె కన్నవాళ్ళలో పెద్దయ్యేదాకా బతికింది మరియా తెరేసా ఒక్కతే. అందుకే బాల్తసార్ పిల్లలందరినీ బతికించకు.

అసలు సారం 1665లో ఉంది. ఫెలిపే చనిపోయేనాటికి రెండో కార్లోస్‌కు నాలుగేళ్ళు కూడా నిండలేదు. తల్లి మరియానా రాజప్రతినిధి అయింది. నీ కథలో ముప్పై అయిదేళ్ళ బాల్తసార్ గద్దెనెక్కుతాడు. పైగా అసలు చరిత్రలో 1667లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, మొదటి భార్య పిల్లలకే ముందు హక్కు అనే బ్రబాంట్ ప్రాంతపు ఆచారం చూపించి, తన భార్య మరియా తెరేసా పేరున స్పానిష్ నెదర్లాండ్స్ (దాదాపు ఇప్పటి బెల్జియం) మీద పడ్డాడు. బాల్తసార్ కూడా ఫెలిపే మొదటి భార్య కొడుకే, మరియా తెరేసాకు తోడబుట్టిన అన్న. ఆ వాదం చెల్లదు. లూయీ ఊరుకుంటాడని కాదు. అతనికి నువ్వు వేరే సాకు వెతికిపెట్టాలి.

పోర్చుగల్, కాటలోనియా తిరుగుబాట్లు 1640 నాటివి, ఫ్రాన్స్ చేతిలో రోక్రోయ్ యుద్ధంలో ఓటమి 1643 నాటిది, అప్పులు అంతకన్నా పాతవి. వాటిని ముట్టుకోకు.

మిగతా అధ్యాయాలు పక్కన పెట్టు. 1646 నుంచి 1665 దాకా పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఏడాదికొక పేజీ చొప్పున రాసి పంపు. ఆ తర్వాత కథ మాట్లాడుకుందాం.