తిరుపతి నుంచి ఎగ్మోర్ మ్యూజియం: ఒక్క రోజులో ఏది తీరిగ్గా చూడాలి, ఏది వదిలేయాలి

ఉదయం తిరుపతిలో బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా చెన్నై ఎగ్మోర్ మ్యూజియం ప్రాంగణం చూసి రావడం కుదురుతుందా, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారికీ, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికీ ఇద్దరికీ నచ్చేవి అక్కడ ఏమున్నాయి అని మీరు అడిగారు. నిశ్చయంగా కుదురుతుంది. మా అమ్మనూ, అన్నయ్య పిల్లలనూ వెంటబెట్టుకుని ఒకసారి, ఆ తర్వాత ఒంటరిగానూ వెళ్ళివచ్చిన అనుభవంతో నేను చెప్పగలిగింది ఇది: ఆ రోజును రెండు గ్యాలరీలకే కేటాయించండి. ఒకటి పంచలోహ విగ్రహాల గ్యాలరీ, రెండవది అమరావతి శిల్పాల గ్యాలరీ. మిగిలినవన్నీ ఓపికను బట్టి.

మ్యూజియంకు గంటన్నర చాలుననీ, మెరీనా బీచ్‌నూ టి.నగర్ షాపింగ్‌నూ కూడా అదే రోజు కలుపుకోవచ్చుననీ మీ ప్రశ్నకు ఒకరు సమాధానం రాశారు. ఆ సలహాతో నేను ఏకీభవించలేను. గంటన్నరలో ఆ ప్రాంగణంలోని భవనాల చుట్టూ నడవడం మాత్రమే అవుతుంది. పెద్దవాళ్ళకు కాళ్ళ నొప్పులూ, పిల్లలకు విసుగూ మిగులుతాయి. బీచ్ ఎప్పుడైనా చూడవచ్చు.

ముందు ప్రయాణం సంగతి. శుక్రవారం మ్యూజియంకు సెలవు, జాతీయ సెలవు దినాల్లో కూడా తెరవరు. పొద్దున్నే తిరుపతిలో రైలెక్కితే రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సుమారు మూడున్నర గంటల్లో చెన్నై సెంట్రల్ చేరవచ్చు. సెంట్రల్ నుంచి మెట్రోలో తర్వాతి స్టేషనే ఎగ్మోర్. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డులోని మ్యూజియం దాదాపు కిలోమీటరు దూరమే అయినా, నాన్నగారి కోసం ఆటో మాట్లాడుకోవడం మేలు. ఆయన నడకంతా లోపలి గ్యాలరీలకు దాచిపెట్టాలి. రైలు అరక్కోణం దాటాక తిరువాలంగాడు అనే చిన్న స్టేషన్ వస్తుంది. కిటికీలోంచి ఆ బోర్డును అమ్మాయికి చూపించండి. ఎందుకో కింద చెబుతాను.

ఈ మ్యూజియం 1851లో మొదలైంది. మన దేశంలో కలకత్తా మ్యూజియం తర్వాత ఇంత పాతది ఇదే. ఒకే ఆవరణలో మ్యూజియం భవనాలు, మ్యూజియం థియేటర్, కన్నెమరా గ్రంథాలయం, నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనం అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల ఒకసారి గేటు దాటితే మళ్ళీ వాహనం అవసరం ఉండదు. భవనాలు వేరువేరు కావడం, కొన్నింట్లో మెట్లు ఎక్కవలసి రావడం మాత్రం పెద్దవాళ్ళకు కష్టమే. కాబట్టి నాన్నగారికి ఓపిక ఉన్నప్పుడే, అంటే వెళ్ళగానే, పంచలోహ విగ్రహాల గ్యాలరీకి తీసుకువెళ్ళండి.

అది మొదట చూడాలనడానికి మరో కారణం కూడా ఉంది. తిరుపతివాళ్ళమైన మనకు ఉత్సవమూర్తులు కొత్త కాదు. బ్రహ్మోత్సవాల్లో మలయప్పస్వామి వాహన సేవలనూ, ఊళ్ళో గోవిందరాజస్వామి ఊరేగింపునూ చిన్నప్పటి నుంచి చూస్తూనే పెరిగాం. అయితే మనం చూసేది పట్టువస్త్రాలు, పూలదండలు, ఆభరణాలు నిండుగా అలంకరించిన స్వామిని. ముఖమూ హస్తమూ తప్ప తక్కిన శిల్పం మన కంటికి ఆనదు. ఎగ్మోర్‌లో అలంకారమేదీ లేని మూర్తి ఎదుట, అద్దానికి ఇవతల, ఎంతసేపైనా నిలబడవచ్చు. నడుముకు చుట్టిన వస్త్రం మడతలు, భుజం మీది నుంచి జారే యజ్ఞోపవీతం, తల వెనక శిరశ్చక్రం, మెడ వెనక పరుచుకున్న కురులు, ఇవన్నీ లోహంలోనే పోతపోసి ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. పీఠాలకు ఉన్న రంధ్రాలనూ కడియాలనూ చూపించి, అవి ఎందుకో చెప్పమని అమ్మాయిని అడగండి. ఊరేగింపులో విగ్రహం కదలకుండా బిగించడానికని తాతగారు ఆమె కంటే ముందే చెప్పేస్తారు.

వడక్కుప్పనైయూర్‌లో దొరికిన సీతారామలక్ష్మణుల విగ్రహాలు, వారి చెంత వినయంగా నిలబడిన హనుమంతుడు ఉన్న చోట మా అమ్మ చాలాసేపు ఆగిపోయింది. రాముడి చేతిలో విల్లు లేదు. విల్లు పట్టుకున్నట్టు ఎత్తిన ఎడమచేయి, బాణం పట్టుకున్నట్టు వంచిన కుడిచేతి వేళ్ళు మాత్రమే ఉన్నాయి. గుడిలో అయితే ఆ చేతిలో విడిగా చేసిన ధనుస్సు అమరుస్తారు కదా. అమ్మ చేతులు జోడించి దణ్ణం పెట్టుకుని, "వీళ్ళకు నైవేద్యం ఎవరు పెడతారు నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. దేశంలోని గొప్ప విగ్రహాలలో కొన్ని పూజకు దూరమై ఇలా మ్యూజియంలలో ఉన్నాయన్న విషయం ఆమెను బాధపెట్టింది, ఆ బాధ న్యాయమైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ చేతివేళ్ళను అంత దగ్గరగా చూడగలిగానన్న సంతోషాన్ని కూడా ఆమె దాచుకోలేదు.

అమ్మాయికి అక్కడే మైనపు పోత పద్ధతి వివరించండి. ముందు మైనంతో విగ్రహం మొత్తం చేస్తారు, దానిమీద మెత్తని మట్టి పూతలు పూసి ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోయాక ఆ ఖాళీలో కరిగించిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొడతారు. అచ్చు మళ్ళీ పనికిరాదు కనుక ఆ పద్ధతిలో ఏ రెండు విగ్రహాలూ ఒకటి కావు. ఇది తెలిసిన తర్వాత చోళుల కాలపు నటరాజ మూర్తులను ఒకదాని పక్కన ఒకటి పోల్చి చూడడంలో ఉన్న ఆనందమే వేరు. వాటిలో ప్రసిద్ధమైన 11వ శతాబ్దపు నటరాజ మూర్తి తిరువాలంగాడుది. పొద్దున రైలు దాటివచ్చిన ఊరే అది. ఫ్రెంచి శిల్పి రోడిన్ ఈ మ్యూజియంలోని నటరాజ విగ్రహాల ఫొటోలు మాత్రమే చూసి, వాటిని కొనియాడుతూ వ్యాసం రాశాడు. తిరువెంకాడు నుంచి వచ్చిన అర్ధనారీశ్వర మూర్తిని కూడా వదలకండి. కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి చూస్తే నడుము వంపులోనే ఇద్దరూ వేరువేరుగా కనిపిస్తారు.

మధ్యాహ్న భోజనం ఎగ్మోర్ స్టేషన్ దగ్గరి మీల్స్ హోటళ్ళలో చేయవచ్చు. బయటి తిండి నాన్నగారికి పడకపోతే పెరుగన్నం, పులిహోర కట్టుకుని వెళ్ళండి. భోజనం తర్వాత అమరావతి గ్యాలరీ.

ఒకప్పటి గుంటూరు జిల్లాలోని అమరావతి రాళ్ళు మద్రాసుకు ఎందుకు వచ్చాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను మొదట చూశాడు. అప్పటికే దాని రాళ్ళను ఇళ్ళకూ కట్టడాలకూ తవ్వుకుపోతున్నారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో 121 శిల్పాలను 1859లో లండన్‌కు పంపేశారు, అవి ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో బయటపడ్డవాటిలోనూ చాలా భాగం ఎగ్మోర్‌కే వచ్చింది. సొంతగడ్డ మీద మిగిలినవి తక్కువే. సాతవాహనుల కాలపు మన శిల్పాన్ని ఇంత విస్తారంగా చూడాలంటే తెలుగువాళ్ళం లండన్‌కైనా వెళ్ళాలి, చెన్నైకైనా వెళ్ళాలి. తిరుపతివాళ్ళకు చెన్నై ఇంత దగ్గరలో ఉండి కూడా మనలో చాలామంది ఆ గ్యాలరీలో అడుగు పెట్టలేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

అక్కడ అన్నీ చూడాలని తాపత్రయపడవద్దు. నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతపరిచే ఘట్టం చెక్కిన గుండ్రని ఫలకం ఎక్కడుందో సిబ్బందిని అడిగి, దాని ముందు నిలబడండి. అది పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన తెలుపు. క్రీస్తుశకం 2వ శతాబ్దపు పని. మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషులను తొక్కుతూ, తొండంతో లాగుతూ ఒకవైపు కనిపిస్తుంది. జనం చెల్లాచెదురవుతుంటారు, భయంతో ఒక స్త్రీ పక్కనున్నవాడిని పట్టుకుని ఒదిగిపోతుంది, మేడల కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు కూడా ఉన్నారు. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ముందు జరిగినదీ తర్వాత జరిగినదీ ఒకే ఫలకంలో, ఒకే వీధిలో చెక్కాడు ఆ శిల్పి. మా అన్నయ్య కూతురు ఏనుగు రెండుసార్లు ఉందని తనంతట తానే కనిపెట్టింది, అక్కడి నుంచి ప్రతి రాతిలోనూ కథ వెతకడం మొదలుపెట్టింది. బుద్ధుడు మనిషి రూపంలో కనిపించని ఫలకాలను ఆ తర్వాత చూపించండి: ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రం, స్తూపం, వీటిలో ఏదో ఒకటి ఆయన స్థానంలో ఉంటుంది, చుట్టూ జనం మొక్కుతుంటారు. పద్మాలు తీగలు సాగే పూర్ణఘటం ఫలకాలను చూస్తే మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలోని పూర్ణఘటం గుర్తుకు వస్తుంది. అది ఈ శిల్పసంప్రదాయం నుంచి తీసుకున్నదే.

ఇంకా సమయం ఉంటే పిల్లలకు జంతుశాస్త్ర విభాగంలోని తిమింగలం అస్థిపంజరం నచ్చుతుంది. చరిత్ర ఇష్టమైతే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరించిన రాతి పనిముట్లు చూడవచ్చు; 1863లో పల్లావరంలో ఆయనకు దొరికిన చేతిగొడ్డలితోనే మన దేశపు ప్రాచీన శిలాయుగ పరిశోధన మొదలైంది. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరులో దొరికిన సమాధి కుండలు కూడా అక్కడే ఉన్నాయి. కన్నెమరా గ్రంథాలయం 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక కాపీ చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో అది ఒకటి, తెలుగు పుస్తకాలతో సహా.

ఒక భవనాన్ని మాత్రం బయటి నుంచైనా ఆగి చూడమని కోరుతున్నాను. హెన్రీ ఇర్విన్ రూపకల్పన చేయగా 1906లో శంకుస్థాపన జరిగి 1909లో ప్రారంభమైన నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనం అది. మొఘలుల కోట ముఖద్వారాన్ని తలపించే ఆ ఎర్రని కట్టడానికి వాడిన రాయి మన సత్యవేడు గనులది. ఈ మాట చెబితే మీ నాన్నగారు దాన్ని తప్పకుండా చేత్తో తాకి చూస్తారు.

వెళ్ళేలోగా వీలైతే ఒక ఆదివారం చంద్రగిరి రాజమహల్‌లోని పురావస్తు మ్యూజియంకు అమ్మాయిని తీసుకువెళ్ళండి. అది కూడా శుక్రవారమే మూసి ఉంటుంది. గుడిమల్లం, గండికోట లాంటి చోట్ల దొరికిన శిల్పాలు అక్కడ ఉన్నాయి, జనం రద్దీ తక్కువ. శిల్పం చేతులు లెక్కపెట్టడం, చేతిలో ఏముందో పోల్చుకోవడం, శంఖమా చక్రమా డమరుకమా చెప్పడం అక్కడ అలవాటైతే, ఎగ్మోర్‌లో తమిళం, ఇంగ్లీషు పేరుపలకలు చదువుతూ సమయం గడపవలసిన పని ఆమెకు ఉండదు. మా పిల్లలకు నేను అలాగే నేర్పించాను, ఫలితం నాకు కళ్ళారా కనిపించింది. తిరుగు ప్రయాణానికి సాయంత్రం రైలు దొరక్కపోయినా, తిరుపతి బస్సులు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి కనుక అమరావతి గ్యాలరీలో గడియారం చూసుకుంటూ కంగారు పడనక్కరలేదు.